మా బావ చూపించిన హైదరాబాదు

పోయిన నెలలో మా బావ ఫోన్ చేశాడు. ఆయనకిప్పుడు డెబ్బై ఆరేళ్లు. హైదరాబాదులో ఆయన నలభై ఏళ్లుగా సభ్యుడిగా ఉన్న క్లబ్బు ఏదో ఉత్సవం చేసుకుంటోందట, దానికో సంచిక వేస్తున్నారట. "నువ్వు రైటర్‌వి గదరా బామ్మర్దీ. నగరంతో నా తొలి పరిచయం అని ఓ రెండు పేజీలు రాసి పంపు. ఆ రోజుల్లో నిన్ను నేనెట్టా తిప్పానో, ఏమేం చూపించానో అంతా రాయి. స్పోర్ట్సు, నైట్ లైఫు, కల్చరు, మూడూ రావాలి. నీ ఫోటో కూడా వేస్తారు" అన్నాడు. సరేనన్నాను. రాయడానికి కూచున్నాక తెలిసింది, నాకు గుర్తున్నదాంట్లో ఆ క్లబ్బువాళ్లు అచ్చేసుకోగలిగిన పేరా ఒక్కటి కూడా లేదని. అందుకని నా పుస్తకంలో నేనే వేసుకుంటున్నాను.

మా బావ పేరు వెంకటనారాయణ. చీమకుర్తి పక్క పల్లెలో పుట్టాడు. హైదరాబాదు వెళ్లాక వి.ఎన్. అయ్యాడు. చీమకుర్తిలో రాయి తవ్వే ఒక కంపెనీకి హైదరాబాదులో ఆఫీసుండేది, అందులో ఆయన ఉద్యోగి. ఆ ఆఫీసులో గోడకు తగిలించిన నల్లరాతి పలక ముక్కలు తప్ప రాయికి సంబంధించిందేమీ ఉండేది కాదు. ఆయన పని వచ్చినవాళ్లకు ఊరు చూపించడం. రాయి కొనడానికి విదేశాల నుంచి వచ్చేవాళ్లు, కాగితాల మీద సంతకాలు పెట్టే ఆఫీసర్లు, ఆ ఆఫీసర్ల బంధువులు, ఆ బంధువుల స్నేహితులు. వాళ్లందరినీ కారెక్కించుకుని మ్యాచికీ, క్లబ్బుకీ, నాట్యానికీ తిప్పడమే ఆయన జీవితం. దాన్ని ఆయన ఉద్యోగం అనేవాడు కాదు, 'పరిచయాలు' అనేవాడు. చీమకుర్తిలో ఎండకు మాడుతూ రాయి కోసేవాళ్ల సంగతి ఆయన నోట నేనెప్పుడూ వినలేదు.

అప్పటికి నేను గుంటూరులో బి.ఏ. ముగించి ప్రత్తిపాడులో మా ఇంట్లో ఖాళీగా ఉన్నాను. ఖాళీ అనేది మా నాన్న మాట. మా ఇంట్లో ఖాళీ అనేదేదీ ఉండేది కాదు. పత్తి తీతలైతే ముందు గది తలుపులు వేయడానికి వీల్లేకుండా పత్తి నిండిపోయేది. ఆ దూది మీదే మేం పడుకునేవాళ్లం. తెల్లారి లేస్తే కనుబొమల మీద, చెవుల్లో, నోట్లో నూగు. మిరపకాయలొచ్చే కాలమైతే వెనక వరండా అంతా ఎర్రగా మండిపోతూ ఉండేది. ఇంటికి కొత్తగా వచ్చినవాళ్లు గడప దాటకముందే తుమ్మేవాళ్లు. మాకు మాత్రం ఆ ఘాటు లేని గాలి పీలిస్తే ఏదో తక్కువైనట్టుండేది. మా నాన్న కాయల్లో పనిచేసి వచ్చాక చేతులు మజ్జిగతో ఒకసారి, నీళ్లతో రెండుసార్లు కడుక్కునేవాడు. అయినా వాటిని నమ్మేవాడు కాదు. కన్ను దురద పెడితే మోచేత్తో రుద్దుకునేవాడు. మమ్మల్ని ముద్దు చేయాలన్నా మోచేత్తోనే. ఇన్నేళ్లయినా ఆయన అరచెయ్యి నా తల మీద పడిన జ్ఞాపకం లేదు, మోచెయ్యి మాత్రం బాగా గుర్తుంది. సాయంత్రం దీపాలు పెట్టే వేళకు అరుగు మీద కూచుని పేపరు పైకి చదివేవాడు, మా అమ్మకు చదువు రాదు గనక. వార్తలు, ప్రకటనలు, చివర అచ్చు వేసినవాళ్ల పేరు దాకా చదివేవాడు. ఎవరైనా ఏదైనా అనుమానంగా మాట్లాడితే, "పేపర్లో పడిందయ్యా" అనేవాడు. ఆ మాటతో వాదన ముగిసేది.

మా అక్క కోటేశ్వరి నాకంటే నాలుగేళ్లు పెద్ద. ఆమెకు బాల్ బ్యాడ్మింటన్ ప్రాణం. మా హైస్కూలు వెనక సున్నంతో గీతలు గీసిన మైదానం ఒకటుండేది. రెండు సరుగుడు గుంజలు, వాటి మధ్య ఎవరో చేపల వల లాగా అల్లిన నెట్టు. పసుపుపచ్చ ఊలు బంతి. పక్షానికి ఐదుగురు. మా అక్క చెక్క బ్యాటు పట్టుకుని సర్వీసు చేస్తే బంతి నెట్టు దాటగానే చచ్చిపడ్డట్టు కింద పడేది. అవతలివాళ్లు దాన్ని లేపడానికి వంగేసరికే పాయింటు. ఒంగోలు వెళ్లి ఆడింది, చీరాల వెళ్లి ఆడింది. ఇంటికి రాగానే గోడకు చేరబడి చెంబుడు మజ్జిగ గుటకల చప్పుడు వినపడేలా తాగేది. చీరాలలో ఒక పోటీకి బహుమతులు ఇచ్చింది మా బావ పనిచేసే కంపెనీ. యజమానికి తీరిక లేక బావని పంపారు. ఆయన మా అక్క ఆట చూసి, కప్పు చేతికిచ్చి, నెల తిరక్కుండా మధ్యవర్తిని పంపాడు. ఆమె ఆట నచ్చే చేసుకున్నానని అందరికీ చెప్పేవాడు. పెళ్లయ్యాక ఆమెను ఆడమన్నది లేదు.

ఒకసారి చీమకుర్తి క్వారీ చూసి గుంటూరు పోతూ ఇద్దరు విదేశీయుల్ని వెంటబెట్టుకుని మా ఇంటికి వచ్చాడు. వాళ్లు తుమ్మారు, దగ్గారు, కళ్లు తుడుచుకుంటూ నవ్వారు. చెరో గుప్పెడు మిరపకాయలు జేబుల్లో వేసుకున్నారు. వాళ్లకు బాగానే ఉంది. మా బావకే తల కొట్టేసినట్టయింది. కారులోంచి సెంటు సీసా తెచ్చి మా వరండా అంతా కొట్టాడు. మిరపకాయల ఘాటూ ఆ సెంటూ కలిసి పుట్టిన వాసనకు మా గేదె కూడా ఆ పూట కుడితి ముట్టలేదు. వెళ్లేటప్పుడు మా నాన్నతో, "మావయ్యా, వీణ్ణి ఇక్కడే ఉంచితే తొడిమలు తీసుకుంటా ముసలాడైపోతాడు. నా దగ్గరికి పంపండి. మనిషిని చేస్తా" అన్నాడు. మా నాన్న మోచేత్తో కన్ను రుద్దుకుని, "మనిషే గదయ్యా వాడు" అన్నాడు. పంపించాడు మాత్రం.

హైదరాబాదులో అక్కావాళ్లది రెండో అంతస్తులో అద్దె ఇల్లు. లోపల అడుగు పెట్టగానే నాకు వింతగా అనిపించింది, ఏ వాసనా లేదు. ఎండుమిరపకాయలు వేయించడం బావకు ఇష్టం లేదట, ఎప్పుడు ఎవరొస్తారో తెలియదట. అక్క పచ్చడి చేసుకోవాలంటే మధ్యాహ్నం వేళ కిటికీలన్నీ తెరిచి చేసుకునేది. బావ మధ్యాహ్నం ఆఫీసువాళ్లతో, రాత్రి క్లబ్బులో తినేవాడు. ఇంట్లో తినేది పొద్దున తొమ్మిదింటికి లేచి తినే ఇడ్లీ మాత్రమే. అక్కను ఊళ్లో ఏమేం చూశావని అడిగితే వేళ్లు మడిచి, "కూరగాయల మార్కెట్టు, గుడి, ఆయన బట్టలిచ్చే ఇస్త్రీ బండి" అంది. ఏడేళ్ల కాపురం అప్పటికి.

మర్నాడు బావ నాకు పాఠం చెప్పాడు. "చూడు బామ్మర్దీ, ఊళ్లోకి కొత్తగా వచ్చినోడికి మూడు చూపించాలి. పగలు ఆట, రాత్రి సరదా, మూడోరోజు కళ. కళ చివర పెట్టాలి. ముందు పెడితే పారిపోతారు. ఈ మూడూ నీకు తెలిస్తే నువ్వు నా అసిస్టెంటువి. జీతం నేను మాట్లాడతా." నా కోసం ఒక సూటు అద్దెకు తెచ్చాడు. దాని చంకల్లో ఇంకెవరిదో చెమట వాసన.

ఆటంటే క్రికెట్టు మ్యాచి. మాకు కేటాయించింది మైదానానికి చాలా ఎత్తున ఉన్న అద్దాల గది. చల్లటి గాలి పెట్టారు, మెత్తటి సోఫాలు వేశారు. కింద వేలమంది ఎండలో కాగితం టోపీలు పెట్టుకుని గొంతులు చించుకుంటున్నారు, వాళ్ల అరుపు అద్దం దాటి లోపలికి రావడం లేదు. లోపల ఇరవైమంది దాకా ఉన్నారు. నేను లెక్కపెట్టుకున్నాను, వాళ్లలో కిందికి చూస్తున్నది ఒక్కడు, వాడు అద్దం తుడిచే మనిషి. మిగిలినవాళ్లు మూలనున్న టీవీలో అదే మ్యాచి చూస్తున్నారు, అదీ ప్లేట్లు నింపుకోవడానికి లేచినప్పుడు. ఒక పెద్దమనిషి నన్ను, "ఎవరు బ్యాటింగ్?" అని అడిగాడు. చెప్పాను. అరగంట తర్వాత మళ్లీ అదే అడిగాడు. ఇద్దరు విదేశీయులకు మా బావ ఆట వివరిస్తున్నాడు. ఆయనకు ఆట తెలియదని నాకు అప్పుడే అర్థమైంది. అవుటైనవాణ్ణి చూపించి బాగా ఆడాడని చప్పట్లు కొట్టించాడు. ఆట ఇంకా మంచి పట్టులో ఉండగానే అందరూ లేచారు, తర్వాత కార్లు తీయడం కష్టమట. మా ఊళ్లో అక్క ఆడుతుంటే చూడ్డానికి పొలం నుంచి వచ్చేవాళ్లు, గడ్డిమోపు నెత్తి మీంచి దించుకోవడం కూడా మరిచిపోయి నిలబడిపోయేవాళ్లు. వాళ్లను అనాగరికులంటారని, వీళ్లను క్రీడాభిమానులంటారని ఆ రోజు తెలుసుకున్నాను.

రాత్రి సరదా క్లబ్బులో మొదలైంది. నగరపు రాత్రి గురించి నేను ఏవేవో ఊహించుకున్నాను. తీరా చూస్తే, పగలంతా ఆఫీసుల్లో ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుని విసిగిపోయిన ఐదారుగురు మగవాళ్లు రాత్రి గ్లాసులు పట్టుకుని మళ్లీ ఒకళ్ల మొహం ఒకళ్లు చూసుకుంటున్నారు. ఒకాయన తను ఊటీలో పులిని చూసిన కథ చెప్పాడు. అందరూ సరైన చోట ఆశ్చర్యపడ్డారు. అంతకుముందు చాలాసార్లు విన్నవాళ్లయితేనే అంత సరిగ్గా ఆశ్చర్యపడగలరు. తర్వాత ఒక హోటల్లో నేలమాళిగ లాంటి గదికి తీసుకెళ్లారు, డ్యాన్సు చేసే చోటట. చీకటి, పొగ, గుండె మీద రోకలితో దంచినట్టు సంగీతం. ఆడవాళ్లు లేరు. పొట్టలున్న మగవాళ్లు పొట్టలున్న మగవాళ్ల ఎదుట ఎగురుతున్నారు. మా బావ కూడా ఎగిరాడు. విదేశీయులిద్దరూ గోడకు ఆనుకుని వాచీలు చూసుకుంటున్నారు. ఇందుకోసమా మనుషులు పల్లెలు వదిలి వచ్చేది అనుకున్నాను. ఆ అసహ్యం నాకు ఇప్పటికీ పోలేదు.

అయితే ఆ రాత్రి క్లబ్బులో జరిగిన ఇంకో సంగతి చెప్పకపోతే ఇదంతా రాయడం దండగ. పులి కథ అయ్యాక ఒకాయన బావని, "మీ మిసెస్‌ని ఎప్పుడూ తీసుకురారేం?" అని అడిగాడు. బావ గ్లాసు కింద పెట్టి, "ఆవిడ మా జిల్లాలో ఛాంపియన్ సార్. ఆ బ్యాటు చేత్తోనే ఇప్పుడు దోసెలు తిప్పుతుంది. ఒక్కటి కూడా నెట్టు దాటదు" అన్నాడు. బల్ల చుట్టూ నవ్వులు. నేనూ నవ్వాను. మర్యాదకు నవ్వలేదు, పగలబడి నవ్వాను. అద్దె సూటు వేసుకుని, వాళ్ల మధ్య నాకూ కుర్చీ వేసినందుకు పొంగిపోయి, మా అక్కను వెక్కిరిస్తుంటే నవ్వాను.

మూడోనాడు కళ. గనుల కాగితాల మీద సంతకం పెట్టే ఒక ఆఫీసరుగారి అమ్మాయి మంజరికి పద్నాలుగేళ్లు, ఆ పిల్ల తొలి నాట్య ప్రదర్శన. హాలు, పూలు, భోజనాలు అన్నీ కంపెనీయే చూసుకుంది. ఆడవాళ్లు వస్తారు గనక అక్కను కూడా తీసుకెళ్లాడు బావ. ఆరింటికి మొదలు కావలసింది ఎనిమిదింటికి కూడా మొదలు కాలేదు. అప్పటిదాకా వేదిక మీద పెద్దమనుషులు ఒకళ్లకొకళ్లు శాలువాలు కప్పుకున్నారు. కప్పినవాడికి కప్పించుకున్నవాడు మళ్లీ కప్పాడు. ప్రతివాడూ మన సంస్కృతి అంతరించిపోతోందని కన్నీళ్లు పెట్టుకున్నాడు, ఆ సంస్కృతి గజ్జెలు కట్టుకుని తెర వెనక రెండు గంటలుగా నిలబడి ఉందని ఒక్కడికీ గుర్తు లేదు. చివరికి పిల్ల వచ్చింది. మొదటి రెండు అంశాలూ ఎలాగో లాగించింది. మూడోదాంట్లో మధ్యలో ఆగిపోయింది. పాట సాగుతోంది, ఆ పిల్ల చేతులు కిందికి వేలేసి నిలబడింది, మొహం మీద రంగు మీంచి కన్నీళ్లు కారుతున్నాయి. తెర వేశారు. చప్పట్లు మోగాయి. అక్క నా పక్కనుంచి లేచి వెళ్లింది. ఎక్కడికని నేను అడగలేదు.

బయటికొచ్చాక బావ నా భుజం మీద చెయ్యేసి, "నీకు తెలుగు బాగా వచ్చుగా. దీని మీద ఓ చిన్న వ్యాసం రాయి. పేపర్లో వేయించే పూచీ నాది" అన్నాడు. ఆ రాత్రే రాశాను. పాదాల్లో మెరుపు, కళ్లలో కావ్యం, మూడో అంశంలో భావావేశంతో ప్రేక్షకులను కంటతడి పెట్టించిన చిన్నారి. ఈ చివరి ముక్క రాస్తున్నప్పుడు నా తెలివికి నేనే మురిసిపోయాను. రెండోరోజు అచ్చయింది, కింద నా పేరుతో. నేను రాసిన అక్షరం అచ్చులో చూసుకోవడం అదే మొదలు. తర్వాత నాకొచ్చిన పేరంతా ఈ పునాది మీద కట్టిందే.

అక్క వంటింట్లో నేల మీద కూచుని ఆ పేపరు చదివింది. రెండుసార్లు చదివింది. "ఒరే, ఆ పిల్ల ఆగిపోయి ఏడ్చింది గదరా. నువ్వు రాసిందేంటి?"

"అట్టాగే రాయాలక్కా. బావ చెప్పాడు."

"బావ చెప్పాడా." పేపరు మడిచి పక్కన పెట్టింది. "మొన్న క్లబ్బులో కూడా బావ చెప్పాడనే నవ్వావా?"

బావ ఆ జోకు ఇంటికొచ్చి ఆమెకే చెప్పాడట, మీ తమ్ముడు అందరికంటే గట్టిగా నవ్వాడని కూడా చెప్పాడట. అక్క నన్ను తిట్టలేదు. "రేపు అయిదింటికి లేపుతా. నాతో రా. ఆయన చూపించాల్సినవన్నీ చూపించాడుగా" అంది.

తెల్లవారుజామున బావ గురక పెడుతుండగా ఇద్దరం మెట్లు దిగాం. నాలుగు వీధుల అవతల ప్రభుత్వ క్వార్టర్స్ వెనక ఖాళీ స్థలం. రెండు ఇనప గొట్టాలు, మధ్యలో నెట్టు. ఆరేడుగురు ఆడవాళ్లు, పంజాబీ డ్రస్సుల్లో ఇద్దరు, మిగిలినవాళ్లు కొంగులు బిగించి చెక్కుకుని. అందరికీ పెద్ద కరీమున్నీసా టీచరుగారు. చీరాలావిడ, ఒకప్పుడు అక్క మీద ఆడి ఓడిపోయిన మనిషి. బస్టాపులో అక్కను గుర్తుపట్టి లాక్కొచ్చిందట. రెండేళ్లుగా రోజూ ఆడుతున్నారు. బావకు తెలియదు, ఆయన లేచేసరికి అక్క స్నానం చేసి ఇడ్లీ పెట్టేసి ఉంటుంది.

"ఏం కోటేశ్వరీ, తమ్ముడా? ఆడతాడా, కూచుంటాడా?" అంది టీచరుగారు.

"ఆడతాడు. కూచోడం నేర్చుకుని వచ్చాడు, అది వదిలిద్దాం" అంది అక్క.

అప్పుడు చూశాను, గొట్టానికి ఆనుకుని బూట్లు బిగించుకుంటున్న మంజరిని. ఆ రోజు తెర వెనక ఏడుస్తుంటే అక్క వెళ్లి మొహం కడిగి, మీ క్వార్టర్స్ వెనకే పొద్దున్నే మేం ఆడతాం, వచ్చి చూడు అని చెప్పిందట. అప్పటి నుంచి వస్తోందట. ఆ పిల్ల నా దగ్గరకు వచ్చింది.

"పేపర్లో రాసింది మీరేనాండీ?"

"అవును."

"మీరు నిజంగా చూశారా?"

"చూశాను."

"మరి నేను ఆగిపోవడం మీకు కనపళ్లేదా?" అని, నా జవాబు కోసం ఆగకుండా తనే చెప్పింది. "నాకు డ్యాన్సు ఇష్టం లేదండీ. అందరి ముందూ ఆగిపోయాను కదా, ఇంక మాన్పించేస్తారులే అనుకున్నాను. మీరు రాసిందానికి నాన్నగారు ఫ్రేము కట్టించారు. ఇంకో నాలుగేళ్లు నేర్పిస్తారట."

ఆ పిల్ల గొంతులో కోపం లేదు. ఏదో లెక్క అప్పజెప్పినట్టు చెప్పి, టీచరుగారు పిలిస్తే వెళ్లిపోయింది. నన్ను అక్కకు అవతలి పక్షంలో వేశారు. అక్క సర్వీసు చేసింది. బంతి నెట్టు మీద ఒక్క క్షణం ఆలోచించినట్టు ఆగి, నా కాళ్ల ముందు పడింది. మళ్లీ చేసింది. మళ్లీ పడింది. ఆట అయ్యేసరికి ఎంతకు ఓడిపోయామో నాకు గుర్తు లేదు.

ఆ రోజే నేను ఆఫీసరుగారింటికి వెళ్లాను. ఆయన లుంగీలో మొక్కలకు నీళ్లు పోస్తున్నాడు. గుమ్మంలోంచి హాలు గోడ కనపడుతోంది, దాని మీద ఫ్రేములో నా వ్యాసం. "ఆ వ్యాసం రాసింది నేనేనండీ. అందులో రాసింది అబద్ధమండీ. మీ అమ్మాయి మూడో అంశం మర్చిపోయి ఆగిపోయింది. ఆమెకు ఇష్టం లేదండీ" అన్నాను. దారి పొడవునా కూడబలుక్కున్న మాటలు అవే.

ఆయన గొట్టం పక్కన పెట్టి హాయిగా నవ్వాడు. "నాకు తెలీదనుకున్నావా బాబూ? నేను ముందు వరసలోనే కూచున్నాను. పేపర్లో పడింది చూడు, ఇంక అది ఆగిపోలేదన్నమాట. అంతే. కూచో, కాఫీ తాగి వెళ్దువుగాని."

నేను కూచున్నాను. కాఫీ తాగాను. బాగుందా అని అడిగితే, బాగుందండీ అన్నాను.

ఆయన నవ్వుతూనే బావకు ఫోన్ చేశాడు. బావ ఆ మధ్యాహ్నమే ఇంటికొచ్చాడు. "ఏరా, నా పరువు తీశావు గదరా! ఆయన దగ్గర నాకెన్ని కాగితాలున్నాయో తెలుసా నీకు? పల్లెటూరి బుద్ధి ఎక్కడికి పోద్ది!" అని వీధి చివరికి వినపడేలా అరిచాడు. అక్క వంటింటి గుమ్మంలో నిలబడి, "వాడు చెప్పింది అబద్ధమా?" అంది.

"నిజమైతే మాత్రం? నిజానికి ఎవడన్నా మ్యాచి పాసులిస్తాడటే?" అన్నాడు బావ. ఆయన జీవితం మొత్తం మీద చెప్పిన ఒకే ఒక్క నిజం అదేనేమో. సూటు తిరిగిచ్చేసి సాయంత్రం రైలెక్కాను. స్టేషనుకి అక్క ఒక్కతే వచ్చింది.

ఇంటికి చేరేసరికి మా నాన్న అరుగు మీద ఉన్నాడు. నాకంటే ముందే ఆ వ్యాసం వచ్చేసింది. అచ్చయిన రోజునే బావ గర్వంగా ఒక ప్రతి రాత్రి బస్సు డ్రైవరుకిచ్చి పంపాడట. ఊళ్లో ఎవరు కనిపించినా ఆపి చదివి వినిపించాడట నాన్న. నన్ను కూచోబెట్టి నాకు కూడా చదివి వినిపించాడు, కింద నా పేరు దాకా. "ఏడిపించిందంటగా ఆ పిల్ల అందర్నీ? అంత బాగా ఆడిందిరా?" అని అడిగాడు. ఆఫీసరుకు చెప్పగలిగినవాణ్ణి మా నాన్నకు చెప్పలేకపోయాను. "బాగా ఆడింది నాన్నా" అన్నాను. ఆయన పోయేదాకా అదే నమ్మకంతో ఉన్నాడు.

మంజరి నాలుగేళ్లూ నాట్యం నేర్చుకుంది. వాళ్ల నాన్నకు బదిలీ అయ్యేదాకా పొద్దున పూట అక్కావాళ్లతో ఆడింది. ఆ సంగతులన్నీ అక్క కార్డు ముక్కల మీద రాసేది. బావకు ఎనిమిదేళ్లకు గానీ అక్క ఆట సంగతి తెలియలేదు. తెలిశాక అందరికీ తనే ఆడమన్నానని చెప్పుకున్నాడు.

ఇప్పుడు నేను ఏడాదికి మూడు నాలుగుసార్లు హైదరాబాదు వెళ్తాను, సభలకు. మ్యాచిలకు ఇప్పుడు రాత్రిపూట బాణసంచా కూడా కాలుస్తున్నారు, అద్దాల గదులు వరసలు వరసలుగా పెరిగాయి, లోపలివాళ్లు టీవీ బదులు సెల్‌ఫోన్లు చూసుకుంటున్నారు. ఒక్కడే కిందికి చూస్తాడు, వాడూ సెల్ఫీ కోసం. నేలమాళిగ డ్యాన్సులు ముప్పయ్యో అంతస్తుకెక్కాయి. ఇప్పుడు ఆడపిల్లలూ ఉంటారట, అంతవరకు నయం. సంస్కృతి ఇంకా అంతరిస్తూనే ఉంది, శాలువాలు మాత్రం పలచబడ్డాయి. అలాగని మా ఊరిని నెత్తిన పెట్టుకోను. అక్క ఆడిన చోట ఇప్పుడు నీళ్ల క్యాన్లు నింపే ప్లాంటు ఉంది. దాని గోడకు చేరబడి కుర్రాళ్లు ఎవరో కొట్టిన సిక్సర్లకు ఫోన్లలోకి చూస్తూ అరుస్తుంటారు. వంగి ఒక బంతి తీసినవాడు వాళ్లలో లేడు. మరి నేను? నా బీరువాలో రెండు అరల నిండా శాలువాలున్నాయి. చదవని పుస్తకాలకు ముందుమాటలు రాశాను. మంచి మాటలు రాయడం నాకు చాలా తేలిక, మొదటి వ్యాసంతోనే పట్టుబడింది.

ఇదంతా రాయడం అయ్యాక మొన్న అక్కకు ఫోన్లో చదివి వినిపించాను. బావ పక్క గదిలో నిద్రపోతున్నాడట. అద్దాల గది దగ్గర నవ్వింది. దోసెల జోకు దగ్గర, "ఊఁ, చదువు" అంది. అంతా విని, "అందర్నీ బాగా తిట్టావురా. నిన్ను కూడా తిట్టుకున్నావు. బాగానే ఉంది. కానీ ఆ పొద్దున ఆ పిల్ల ఎట్టా ఆడిందో ఒక్క ముక్క లేదేంటి?" అంది.

"అంటే?"

"నా సర్వీసు తీసింది గదరా. వరసగా మూడు. అప్పటికి బ్యాటు పట్టుకుని నాలుగు రోజులు కూడా కాలేదు. మూడోది తీసినప్పుడు టీచరుగారు ఆట ఆపి చప్పట్లు కొట్టింది. నీ పక్కనే గదా ఆ పిల్ల, నువ్వు ఆడింది ఆ పక్షంలోనే. అది కూడా చూళ్లేదా నువ్వు?"

చూడలేదు. ఆ పొద్దున ఆటంతా నేను నేల చూస్తూ, నా తప్పు గురించి ఎంత చక్కగా బాధపడుతున్నానో చూసుకుంటూ నిలబడ్డాను.